మణికట్టు వరకే విగ్రహం

అధ్యక్షులవారు భారత క్రికెట్ మాజీ కెప్టెన్‌గారికి సన్మానం చేశారు. ఇద్దరూ ఒక్క అజహరుద్దీనే కాబట్టి శాలువా ఖర్చు కూడా మిగిలింది. 2019లో ఆయన హైదరాబాద్ క్రికెట్ సంఘం అధ్యక్షుడయ్యాడు. ఆయన ఏలుబడిలోనే ఉప్పల్ స్టేడియం ఉత్తరం స్టాండుకు ఆయన పేరు వచ్చింది. ఇదేం ధర్మమని ఓ క్లబ్బు ఫిర్యాదు చేసింది. దాని పేరు లార్డ్స్. లండన్‌లోది కాదు, మన హైదరాబాద్‌దే. పేరు తీసెయ్యమని 2025 ఏప్రిల్‌లో సంఘం అంబుడ్స్‌మన్ జస్టిస్ ఈశ్వరయ్య చెప్పారు. హైకోర్టు స్టే ఇచ్చింది. ఆ అక్టోబరు 31న అజహర్ తెలంగాణ మంత్రి అయ్యాడు. గోడ మీద మంత్రిగారి పేరంటే మనకి అలవాటైన దృశ్యమే కనక సగం గొడవ తీరినట్టే.

మిగతా సగం శిష్యులది. ఆక్లండ్‌లో 1994లో సిద్ధూకి మెడ పట్టేస్తే సచిన్‌ని ఓపెనింగ్‌కి పంపింది ఈ కెప్టెనే. 49 బంతుల్లో 82. గంగూలీ, ద్రావిడ్ 1996లో లార్డ్స్‌లో (ఇది లండన్‌దే) తొలి టెస్టు ఆడిందీ ఈయన కిందే. 2000 డిసెంబరులో మ్యాచ్ ఫిక్సింగ్ వ్యవహారంలో బోర్డు ఈయన్ని జీవితాంతం నిషేధించింది. గురువుకి మచ్చ వచ్చింది కదాని సచిన్ ఆ 82 పరుగులూ వాపసు చెయ్యాలా? చేస్తే ఎవరికి? న్యూజిలాండుకా?

నిషేధం చట్టం ముందు నిలవదని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2012లో తేల్చింది. అప్పటికాయన మొరాదాబాద్ ఎంపీ. టెస్టులు మాత్రం 99 దగ్గరే ఉండిపోయాయి. మన న్యాయానికి ఫుట్‌వర్క్ కొంచెం తక్కువ.

2018 నవంబరులో ఈడెన్ గార్డెన్స్‌లో మ్యాచ్‌కి ముందు ఆయన చేత గంట కొట్టించారు. భారత్ గెలిచినా బోర్డు ఓడిందని గంభీర్ మండిపడ్డాడు. అతను భారత జట్టులో అజహర్ కింద ఆడలేదు, మొహమాటం లేదు. గంట కొట్టించిన బెంగాల్ సంఘానికి అప్పుడు అధ్యక్షుడెవరు? గంగూలీ. గురుదక్షిణ సంఘం ఖర్చుతో తీరిపోయింది. అయినా అజహర్ తొలి మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు కొట్టినవాడు, వాటిలో మొదటిది కొట్టిందీ ఆ ఈడెన్‌లోనే. ఆ ఆట అబద్ధమని గంభీర్ కూడా అనలేదు.

అందుకే మా ఊరు జంపనిలో టీ కొట్టు దగ్గర ఓ మధ్యేమార్గం తేలింది. పక్కనే తెనాలి. అక్కడి శిల్పులు ఫైబర్‌తో కావాలంటే ఫైబర్‌తో, పాత ఇనుప బోల్టులతో కావాలంటే బోల్టులతో ఎవర్నయినా నిలబెట్టేస్తారు. అజహర్‌ది మణికట్టు వరకే చేయించాలి. ఆఫ్ స్టంప్ అవతలి బంతిని మిడ్ వికెట్‌కి తిప్పిన ఆ మణికట్టు మీద ఏ దర్యాప్తూ జరగలేదు. “తల సంగతేంటి బాబాయ్?” అన్నాడో కుర్రాడు. “అది పెట్టాలంటే ఏ తలపాగా పెట్టాలో తేలాలి కదరా. కెప్టెన్‌దా, ఎంపీదా, మంత్రిదా?” అన్నాడు పెద్దాయన.

నవ్వులాట పక్కన పెడితే, ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు ఆయన ఆటకి దణ్ణం పెట్టుకుంటే తప్పులేదు. ఎవరి అప్పు వాళ్లు తీర్చుకోవాలి. కానీ అధ్యక్షుడి కుర్చీలో ఉండగా అధ్యక్షుడికే వచ్చిన పేరు శిష్యుల ఖాతాలో రాయకూడదు. కోర్టు ఏం చెప్పినా సరే, ఉప్పల్ గోడ మీది అక్షరాలు ఆయనే నిచ్చెన వేసుకుని దింపుకోవాలి.