పెన్సిలు గీతా భాష్యం

అవతారిక. మెదక్ సీమలోని కొల్చారం వాడైన కోలాచల మల్లినాథసూరి కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యానం రాస్తూ రెండు కట్టుబాట్లు పెట్టుకున్నాడు. ఆధారం లేనిది రాయకూడదు, అక్కర్లేనిది చెప్పకూడదు. ప్రస్తుత వ్యాఖ్యాత మొదటి కట్టుబాటు తప్పకూడదని మూలపద్యాన్ని తానే అల్లుకున్నాడు. రెండోదాని సంగతి చదువరులే తేల్చాలి. ఇక విషయం: కుట్టుపని కోసం గుడ్డమీద పెన్సిలుతో పువ్వు గీస్తారు. పువ్వు కుట్టడం అయిపోతుంది, గీత మాత్రం పోదు. దాన్ని పోగొట్టే ఉపాయం ఈ ఆటవెలది.

పెన్సిలిడిన గీత పిండినఁ బోదురా
రుద్దుకొలఁది నూలు రొంపి యగును
పొడిగ నున్నయపుడె పొందుగాఁ దుడువుము
ఇస్త్రిఁ బెట్టఁబోకు మింతి వినుము

ప్రతిపదార్థం. ఇంతి = ఓ వనితా; వినుము = చెవిని బెట్టుము; పెన్సిలు = కొయ్యగొట్టమందలి నల్లని పుల్ల; ఇడిన = ఉంచిన; గీత = రేఖ; పిండినన్ = ఉతికి మెలిపెట్టినను; పోదురా = తొలగదు సుమా; రుద్దుకొలఁదిన్ = ఎంత రుద్దిన నంతగా; నూలు = దారము, ఇచట గుడ్డ యని లక్షణార్థము; రొంపి = బురద; అగును = అవును; పొడిగన్ ఉన్నయపుడె = నీరు తగులక మునుపే; పొందుగాన్ = మెలకువతో; తుడువుము = తీసివేయుము, రబ్బరుతో నని అధ్యాహారము; ఇస్త్రిన్ = కాగిన ఇస్త్రీపెట్టెను; పెట్టన్ పోకుము = మోపకుము.

తాత్పర్యం. గుడ్డమీది పెన్సిలు గీత ఉతికినంత మాత్రాన పోదు. తడిపి రుద్దితే పక్కలకు పాకి మురికవుతుంది. పొడిగా ఉన్నప్పుడే రబ్బరుతో తీయాలి. గీత పూర్తిగా పోయేదాకా ఇస్త్రీ చేయకూడదు.

విశేషాలు. వస్తువు ఏదో తేలితే తప్ప ఉపాయం తేలదు గనక ముందు పెన్సిలు పుల్ల సంగతి. అందులో ఉన్నవి గ్రాఫైటు, బంకమన్ను. ఫ్రెంచి ఇంజనీరు నికోలా జాక్ కాంటే ఈ రెంటినీ కలిపి కాల్చే పద్ధతికి 1795లో పేటెంటు పొందాడు. యుద్ధం మూలంగా ఇంగ్లండు గ్రాఫైటు ఫ్రాన్సుకు రావడం మానేసిన రోజులవి. ఉన్న కాస్త పొడినే మన్నుతో సాగదీయాల్సి వచ్చింది. మన్ను పాలు పెరిగితే పుల్ల గట్టిపడి గీత లేతగా, సన్నగా పడుతుంది. అది హెచ్ రకం. గ్రాఫైటు పాలు పెరిగితే మెత్తగా, నల్లగా పడుతుంది. అది బి రకం. బడిపిల్లల సంచిలో దొరికే హెచ్‌బీ ఈ రెంటికీ నడుమది.

గ్రాఫైటు అంటే కర్బనమే. దాని పరమాణువులు పొరలుగా అమరి ఉంటాయి. తమలపాకుల కట్టలో ఆకుల్లా పొరమీద పొర సులువుగా జారుతుంది. రాత అనేది ఆ జారుడే. కాగితమ్మీద జారిన రేకులు పైపైన నిలుస్తాయి. గుడ్డమీదైతే నూలుపోగుల సందుల్లోకి దిగుతాయి. అక్కడ అవి నీళ్లలో కరగవు, స్పిరిట్లో కరగవు, కిరసనాయిల్లో కరగవు. కాబట్టి పెన్సిలు గీత పసుపు మరకలాంటిది కాదు. అది సన్నని దుమ్ము. దుమ్మును కరిగించి పోగొట్టడం కుదరదు. పోగునుంచి ఊడదీసి బయటికి తేవాలి.

పూర్వపక్షం. బ్లీచింగ్ ద్రావణంలో ముంచితే పోదా? పోదు. బ్లీచ్ చేసే పని రంగు అణువులను విరిచి వాటి రంగు పోగొట్టడం. గ్రాఫైటులో అలా విరగడానికి రంగు అణువు లేదు. క్లోరిన్ బ్లీచ్ గీతను వదిలేసి గుడ్డమీద పడుతుంది. పట్టునూ ఉన్నినీ తినేస్తుంది కూడా.

మరో పూర్వపక్షం. గీతను ఎలాగూ కుట్టు కప్పేస్తుంది, ఇంత చర్చ దేనికి? సాటిన్ కుట్టయితే కప్పుతుంది, నిజమే. కాడకుట్టు సన్నం, సూది ఒక్క పోగు పక్కకు జరిగితే గీత బయట పడుతుంది. గొలుసుకుట్టులో ప్రతి కడియం మధ్యా ఖాళీ ఉంటుంది, ఆ కిటికీలోంచి నల్లగా చూస్తుంది. పైగా తెల్లదారం ముదురు గీతమీదుగా పదేపదే గుడ్డలో దూరుతూ గ్రాఫైటు అంటించుకుంటుంది. మల్లెపువ్వు కుట్టాలని కూర్చుంటే బూడిదరంగు పువ్వు తేలుతుంది. అందుకే చేయి తిరిగినవాళ్లు సన్నగా చెక్కిన 2హెచ్ పెన్సిలుతో, కనిపించీ కనిపించనట్టు గీస్తారు.

"పొడిగ నున్నయపుడె." ఈ పాదానికి ప్రాణం ఏవకారంలో ఉంది. తడి తగిలిన గ్రాఫైటు రుద్దుడుకు పేస్టులా పరుచుకుంటుంది; పొడిదయితే రబ్బరుకు అంటుకుని లేస్తుంది. రబ్బరు రాకముందు ఐరోపాలో ఈ పనికి రొట్టె మెత్తటి భాగం వాడేవారు. చెట్టుపాలతో చేసిన ఒక పదార్థం పెన్సిలు గీతలను చక్కగా తుడుస్తోందని 1770లో జోసెఫ్ ప్రీస్ట్లీ రాశాడు. దాన్ని లండనులో పరికరాలు చేసే ఎడ్వర్డ్ నెయిర్న్ అమ్మేవాడు. అరంగుళం ముక్క మూడు షిల్లింగులు, అప్పటికి చిన్న సొమ్మేం కాదు. నేటి చదువరికి కావలసింది తెల్ల ప్లాస్టిక్ రబ్బరు. గులాబీరంగువీ, పళ్ల వాసన వేసేవీ పనికిరావు; గీతను తీసి తమ రంగును గుడ్డమీద వదులుతాయి. గుడ్డను బల్లమీద బిగువుగా పట్టి, నేత పోగుల వెంట ఒకే దిక్కుగా మెల్లగా తీయాలి. గుండ్రంగా తిప్పితే పోగు లేస్తుంది. వచ్చిన చెత్తను ఊదకుండా దులపాలి.

రబ్బరుకు లొంగని శేషం ఉంటే అప్పుడు తడి. ఇది పద్యంలో లేదు, వ్యాఖ్యాత చేర్పు. నూలు గుడ్డయితే గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క, మెత్తని టూత్‌బ్రష్, కింద మడిచిన తెల్లగుడ్డ. పైనుంచి తట్టాలి. సబ్బు రేకుల చుట్టూ చేరి పోగునుంచి విడదీస్తుంది, కింది గుడ్డ వాటిని అందుకుంటుంది. పట్టయితే కుంకుడురసం. దాని నురగ పట్టుమీద మెత్తగా పనిచేస్తుంది; గోధుమరంగు ఛాయ ఉంటుంది గనక లేతరంగు పట్టుకు కనపడని మూల ముందు చూసుకోవాలి. అమెరికాలో బొంతలు కుట్టేవాళ్ల యోగం ఇంకొకటి ఉంది: మూడు పాళ్లు రబ్బింగ్ ఆల్కహాల్, ఒక పాలు నీళ్లు, కొన్ని చుక్కల గిన్నెల సబ్బు. ఆల్కహాలు గ్రాఫైటును కరిగించదు. ద్రావణాన్ని పోగుల్లోకి త్వరగా దించుతుంది, సబ్బు పని సులువవుతుంది. కొన్ని రంగులను కూడా అదే ఊపులో దించుతుంది కాబట్టి మూల పరీక్ష ఇక్కడా తప్పదు.

పాఠాంతరం. కొందరు "పిండినఁ బోవురా" అని దిద్ది చదువుతారు. గణాలు చెడవు, యతి చెడదు. చీర చెడుతుంది.

దోషపరిహారం. మూడో పాదం చివర "తుడువుము", నాలుగో పాదం మొదట "ఇస్త్రి". ఉత్తుకు అచ్చు పరమైతే సంధి నిత్యం. కవి విసంధి చేశాడు, వ్యాకరణం రాదా? వచ్చు. తుడవడానికీ ఇస్త్రీకీ మధ్య ఆగమని చెప్పడానికే ఆ రెంటినీ కలపలేదు. కారణాలు రెండు. పెన్సిలు పుల్ల నున్నగా రాయడానికి దానికి మైనం పట్టిస్తారు. వేడికి ఆ మైనం కరిగి, గ్రాఫైటును వెంటబెట్టుకుని పోగులోకి ఇంకుతుంది. రెండోది, ఆల్కహాలు మండే పదార్థం. తడి ఆరకముందే కాగిన పెట్టె మోపితే పద్యానికి వ్యాఖ్యానం రాసే ఓపిక ఎవరికీ మిగలదు.

సంబోధన విచారం. మొదటి పాదంలో "రా" అన్నాడు, చివర "ఇంతి" అన్నాడు. ఒకే పద్యంలో ఇద్దరా? "రా" అన్నది కవి తనకు తాను చెప్పుకున్నదని సమాధానం. "ఇంతి" ఉపలక్షణం, మగ్గం వర్క్ చట్రాల ముందు మగవాళ్లూ కూర్చుంటారు. అయితే ఆ చట్రాల దగ్గర పెన్సిలుకు గుడ్డమీద చోటు తక్కువ. డిజైనును బటర్ పేపరుమీద గీసి, గీత వెంట సూదితో చిల్లులు పొడుస్తారు. ముదురు గుడ్డయితే తెల్లపొడి, లేతరంగయితే నీలం కిరసనాయిల్లో కలిపి కాగితమ్మీద రుద్దుతారు. చిల్లుల్లోంచి దిగి గుడ్డమీద చుక్కల పువ్వు పడుతుంది. కిరసనాయిలు ఆరిపోతుంది, పొడి దులిపితే రాలుతుంది. పూసలూ జరీ కుట్టిన పట్టు రవికెను నీళ్లలో ముంచడం ఉండదు గనక దులిపితే పోయే గీతే వాళ్లకు కావాలి.

శ్రీకాళహస్తి కలంకారీ చిత్రకారులది ఇదే తర్కం. కరక్కాయ రసం, గేదెపాలు పట్టించిన గుడ్డమీద తొలి రూపురేఖలను చింతపుల్లలు కాల్చిన బొగ్గుతో గీస్తారు. బొగ్గూ కర్బనమే అయినా దానికి గ్రాఫైటులా జారి దూరే పొరలు లేవు, పైపైన నిలుస్తుంది. దానిమీద పాత ఇనుమూ బెల్లమూ పులియబెట్టిన నల్లరంగుతో అసలు గీత వేస్తారు. బొగ్గు ఉతుకులో పోతుంది, నలుపు నిలుస్తుంది. లక్నో చికన్‌కారీలో చెక్క అచ్చుతో నీలిరంగు పువ్వు అద్ది, తెల్లదారంతో కుట్టి, ఆ నీలాన్ని చాకలి ఉతుకులో వదిలిస్తారు. ఈ మూడుచోట్లా గీతను ఎలా పోగొట్టాలన్నది గీయకముందే తేల్చుకున్న విషయం.

ప్రత్యుదాహరణం. నాలుగో పాదాన్ని తలకిందులు చేసే వస్తువు ఒకటి ఉంది. పైలట్ కంపెనీ 2006లో తెచ్చిన ఫ్రిక్షన్ పెన్ను గీత 60 డిగ్రీల వేడి దాటగానే కనిపించకుండా పోతుంది. కాబట్టి ఇస్త్రీ చేస్తే చాలు, గుడ్డ తెల్లబడుతుంది. కానీ సిరా గుడ్డలోనే ఉంటుంది, దాని రంగు మాత్రమే పోతుంది. సున్నాకు పది, ఇరవై డిగ్రీలు దిగువకు పోతే మళ్లీ కనిపిస్తుంది. హైదరాబాదులో కుట్టిన దుప్పటికి ఆ బెడద లేదు. మిన్నెసోటాలో ఉన్న కూతురికి పంపితే, జనవరిలో కారు డిక్కీలో ఒక్క రాత్రి ఉంటే చాలు. ఆ పెన్ను వాడదలచినవారు ముందు పనికిరాని పీలిక మీద గీసి, ఇస్త్రీ చేసి, తెల్లారేదాకా ఫ్రీజరులో పెట్టి చూసుకోవాలి.