టేపు పట్టే మనిషేడీ?

హైదరాబాదులో ఇంటి ప్లానుకు అనుమతి ఇప్పుడు సోఫాలో కూర్చునే తెచ్చుకోవచ్చట. సంతోషం. మా రోజుల్లో చెప్పులు అరగందే ప్లాను పాసయ్యేది కాదు. అలాగని ఇప్పటివాళ్ల అదృష్టం చూసి కుళ్లుకుంటున్నానని అనుకోకండి. కుళ్లుకోవడానికి అందులో ఏముందో చూశాకే మాట్లాడుతున్నాను.

1980ల్లో మేం శివారులో జాగా కొన్నప్పుడు పని మొదలయ్యేది డ్రాఫ్ట్స్‌మన్ దగ్గర. ఆయన ట్రేసింగ్ కాగితం మీద సిరాతో గోడ గీశాడంటే అది గోడే. మా ఆవిడ వంటిల్లు ఆగ్నేయానికి జరపమంటే ఆయన మొహం మాడ్చుకుని బ్లేడుతో గీకి దిద్దేవాడు. తర్వాత అమ్మోనియా ప్రింట్లు. ఆ ఘాటుకు కళ్లల్లో నీళ్లు కారేవి. వాటికి తోడు దస్తావేజు నకలు, లింకు డాక్యుమెంట్లు, ఈసీ, చలానా రసీదు. అన్నిటికన్నా పైన పట్టణ భూపరిమితి అఫిడవిట్. 1976 నాటి ఆ చట్టం ప్రకారం అప్పట్లో హైదరాబాదులో 1000 చదరపు మీటర్లకు మించి ఖాళీ స్థలం ఉంచుకోకూడదు. రెండొందల గజాల ముక్క కొనడానికి భార్య గాజులు అమ్మినవాణ్ణి, నేను జమీందారును కానని స్టాంపు కాగితం మీద రాసివ్వాల్సి వచ్చింది.

ఆ కట్టను ఆఫీసులో ఇచ్చాక, అది ఏ బల్ల మీద ఉందో కనిపెట్టడమే మాకు రెండో ఉద్యోగం. సారు సైటుకెళ్లారు. సారు మీటింగులో ఉన్నారు. సారు సెలవు. ఏ ఆఫీసో ఇప్పుడెందుకులెండి, వాళ్లంతా రిటైరైపోయారు. కొలతలకు వచ్చే చైన్‌మన్ చాయ్ తాగితే గానీ ఫైలు కదిలేది కాదు. ఆ చాయ్ ఖరీదెంతో మా కాలనీలో పిల్లలకు కూడా తెలుసు.

ఇప్పుడో? 2020 నవంబరులో టీఎస్ బీపాస్ అనే ఆన్‌లైన్ అనుమతుల పద్ధతి వచ్చింది. 75 గజాల్లోపు జాగాలో ఏడు మీటర్ల ఎత్తు మించకుండా కట్టుకుంటే అనుమతే అక్కర్లేదు, ఒక్క రూపాయి కట్టి పేరు నమోదు చేసుకుంటే చాలన్నారు. 600 గజాల దాకా, పది మీటర్ల ఎత్తు లోపలైతే మనకు మనమే రాసిచ్చుకున్న ధ్రువీకరణ మీద అప్పటికప్పుడే అనుమతి. అంతకు మించితే 21 రోజుల గడువు; ఆలోగా జవాబు రాకపోతే అనుమతి ఇచ్చినట్టే లెక్క. ఇప్పుడు బిల్డ్‌నౌ అని ఇంకోటి తెచ్చారు, అందులో గీతల్ని కంప్యూటరే సరిచూస్తుందట.

గడువు దాటితే అనుమతి వచ్చినట్టే అన్నది మాత్రం కొత్తగా కనిపెట్టిన వింత కాదు నాయనా. 1955 నాటి హైదరాబాదు కార్పొరేషన్ల చట్టంలోనూ, 30 రోజులు కమిషనర్ ఉలక్కపోతే పని మొదలుపెట్టుకోవచ్చనే ఉంది. దాన్ని నమ్మి పునాది తవ్వే మొనగాడు మా ఎరికలో పుట్టలేదు, అంతే.

ఇంత తిట్టాక ఒక్క మాట ఒప్పుకోవాలి. చాయ్ తాగినా, ఇంకేం తాగినా, ఆ ఆఫీసు ఇన్‌స్పెక్టరు ఒకనాడు ఎండలో గొడుగేసుకుని మా జాగాలోకి వచ్చాడు. టేపు ఒక కొస చైన్‌మన్ పట్టుకున్నాడు, రెండో కొస నేను. పక్కింటాయన ప్రహరీ మా వైపు జానెడు జరిగిందని అప్పుడే తేలింది. మేస్త్రి ముగ్గు పోసిన గీత దగ్గరే ఇద్దరం రాజీపడ్డాం. ముందు రోడ్డు వెడల్పెంతో, వెనక నాలా ఎంత దూరమో కూడా ఆయన కొలుచుకునే వెళ్లాడు.

మా తరం శుద్ధపూసలని అనడం లేదు. రెండంతస్తులకు ప్లాను పాసు చేయించి నాలుగేసినవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. 2007లో ఒకసారి, 2015లో ఇంకోసారి క్రమబద్ధీకరణ పథకాలు వచ్చాయి, జరిమానా కట్టి మంచివాళ్లు అయిపొమ్మన్నారు. రూలు ప్రకారం చుట్టూ సెట్‌బ్యాక్ వదిలి, ఒక గది తగ్గించుకున్న నాలాంటివాడు వెర్రివాడయ్యాడు.

ఇల్లు పూర్తయ్యాక పాలు పొంగించి దిగిపోవడమే మాకు తెలుసు. ఇప్పుడు ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ కావాలి. అది లేకపోతే కరెంటుకు, నీళ్లకు మూడింతలు వసూలు చేయొచ్చని 2012 భవన నిబంధనల్లో రాశారు. పెద్ద ఇళ్లకైతే ఆ సర్టిఫికెట్ వచ్చేదాకా కట్టేదాంట్లో పదో వంతు అధికారుల పేర తనఖా పెట్టాలి. అప్పు తీసుకోకుండా తనఖా పెట్టడం మా తాతల కాలంలో కూడా వినలేదు.

నా సణుగుడు అసలు దీని గురించి కాదు. మా మనవడు నిమిషాల్లో అనుమతి తీసి చూపిస్తే, ‘కింద ఏం సంతకం పెట్టావురా?’ అని అడిగాను. ‘అందరూ పెట్టేదే తాతా’ అన్నాడు. చదివించాను. చెప్పిన కొలతలన్నీ నిజమేనని, తప్పయితే బాధ్యత తనదేనని ఉంది. అబద్ధమని తేలితే నోటీసు కూడా ఇవ్వకుండా కూల్చొచ్చని చట్టం. మా రోజుల్లో తప్పు జరిగితే సగం పాపం ఆఫీసుది. ఇప్పుడు ఆఫీసు చేతులు కడుక్కుని, పాపమంతా మనవడి నెత్తిన పెట్టింది. దాన్నే వీళ్లు సౌకర్యం అంటున్నారు.

అనుమతి ఇచ్చాక తనిఖీ ఉంటుందంటారు. ఉంటే మంచిదే, పునాది పడకముందు ఉండాలి. స్లాబు ఆరాక కొలిచి అడుగు ఎక్కువొచ్చిందంటే ఆ అడుగును ఎవడు వెనక్కి జరుపుతాడు? కాగితం కంప్యూటరే ఇవ్వనీండి, నాకేం అభ్యంతరం లేదు. ముగ్గు పోసిన రోజున మాత్రం ఒక మనిషిని టేపిచ్చి పంపండి. ఆయనకు చల్లటి మంచినీళ్లు తప్ప ఇంకేమీ ఇవ్వనని అఫిడవిట్ కావాలంటే, అదీ రాసిస్తాను. మాకది బాగా అలవాటు.