మెటాక్సాకు మడి కట్టినవారు

మెటాక్సా అనే గ్రీకు మందు సీసా మూత తీయడానికి ముందు కొందరు ప్రవర చదువుతారు. గ్లాసు పొట్ట ఉబ్బి ఉండాలి. ఐసు నిషిద్ధం. సోడా ఊసెత్తినవాడికి వెలి. కోక్ అన్న మాట చెవిన పడితే ఇంటికి సంప్రోక్షణ. ఆ సీసా ఏథెన్స్ ఎయిర్‌పోర్టు డ్యూటీఫ్రీలో కొన్నదే అయినా, దాని ముందు ఇంటాయన కూర్చున్న తీరు ఆలయ ధర్మకర్త తీరుకు ఏమాత్రం తీసిపోదు. వచ్చిన బావమరిది అలవాటు కొద్దీ, "బావా, కాస్త సోడా ఉందా?" అని అడుగుతాడు. "ఇది మన బ్రాందీ షాపు సరుకు కాదురా, గ్రీకు సరుకు. రా కొట్టాలంతే. ఏం కలిపినా దీని ఆత్మ పోతుంది" అని తీర్పు వస్తుంది. బావమరిది ఆత్మ సంగతి ఎవరికీ పట్టదు.

ఈ ధర్మకర్తలు మన దగ్గరే ఉన్నారనుకుంటే పొరపాటు. గ్రీకు మందు దొరికే ప్రతి ఊళ్లోనూ ఒకాయన ఉంటాడు. దేశం మారినా, భాష మారినా సిద్ధాంతం మాత్రం ఒకటే: మెటాక్సా స్వచ్ఛమైనది, కలపడం అపచారం.

ఇంతకీ ఆ స్వచ్ఛమైన సీసాలో ఏముంది? 1888లో పిరేయస్ రేవు పట్టణంలో స్పిరోస్ మెటాక్సా అనే వ్యాపారి మొదలుపెట్టిన సరుకు ఇది. ద్రాక్ష వైన్‌ను బట్టీలో కాచి దించిన స్పిరిట్‌ను ఓక్ పీపాల్లో మాగబెడతారు. దానికి సామోస్ దీవి నుంచి వచ్చే తియ్యటి మస్కట్ వైన్ చేరుస్తారు. ఆపైన గులాబీ రేకులు, మధ్యధరా తీరపు మూలికలు నానిన సారం. ఆ మూలికలేమిటో, ఎంతెంతో కంపెనీ గుట్టు. మొత్తం మీద స్పిరిట్, వైన్, పువ్వులు, ఆకులు. ఇవే నాలుగూ బార్‌లో ఒక కుర్రాడు మన కళ్లముందు గ్లాసులో కలిపిస్తే కాక్‌టెయిల్ అంటాం. ఎవరూ చూడకుండా పీపాలో కలిపి మూత బిగిస్తే స్వచ్ఛత!

యూరోపియన్ యూనియన్ అధికారులు ఈ విషయంలో ధర్మకర్తల కంటే నిక్కచ్చి మనుషులు. వాళ్ల నిబంధనల ప్రకారం బ్రాందీకి బయటి నుంచి రుచులూ వాసనలూ అద్దకూడదు. కాబట్టి గులాబీలూ మూలికలూ పడిన మెటాక్సా అక్కడ బ్రాందీ లెక్కలోకే రాదు. బ్రాందీ కులంలో చోటు దక్కని సరుకుకు బ్రాందీ ఆచారాలన్నీ కడుతున్నారన్న మాట. మన పెద్దమనుషులకు ఇలాంటివి కొత్త కాదులెండి.

"నిజమైన గ్రీకు పద్ధతి రా కొట్టడమే" అనే మాట ఇంకా ముచ్చటైనది. పాతకాలపు గ్రీకులను ఒక్కసారి లేపి అడిగితే ఏమనేవారో! విందుకు కూర్చుంటే వాళ్ల మధ్యన ఒక పెద్ద కలుపు పాత్ర ఉండేది. వైన్ అందులో పడేది, నీళ్లూ అందులో పడేవి. ఎన్ని పాళ్లు నీళ్లు పోయాలో తేల్చడానికి ఆ పూటకు ఒక విందుపెద్దను ఎన్నుకునేవారు. ప్రాచీన కవి హెసియోడ్ చెప్పిన పాళ్లు మూడు వంతుల నీళ్లకు ఒక వంతు వైన్. చుక్క నీళ్లు కలపకుండా తాగేవాడు వాళ్ల దృష్టిలో అనాగరికుడు, సిథియన్లనే పరాయి జాతివాడు. స్పార్టా రాజు క్లియోమెనీస్‌కు పిచ్చెత్తింది ఎందుకంటే, సిథియన్లతో తిరిగి కలపని వైన్ తాగడం మప్పుకున్నందుకేనని స్పార్టావాళ్లే అనుకునేవారని చరిత్రకారుడు హెరోడోటస్ రాశాడు. ఈ లెక్కన గ్రీకు సంప్రదాయం పేరు చెప్పి సోడా వద్దనేవాళ్లు ఏ జాతి సంప్రదాయాన్ని పాటిస్తున్నారో వాళ్లే తేల్చుకోవాలి.

ఇక ఆ పొట్ట గ్లాసు. కాడను రెండు వేళ్ల సందున ఇరికించి, అరచేతిని గిన్నెలా పట్టి, పావుగంట సేపు గుండ్రంగా తిప్పుతారు. చేతి వేడికి మందు "మేలుకొంటుంది" అంటారు. కొందరికి చెయ్యి చాలక కింద కొవ్వొత్తి కూడా పెడతారు. వేడి తగిలితే ముందుగా లేచేది ఆల్కహాల్. ముక్కు దగ్గర పెట్టుకోగానే ఘాటు గుప్పున కొడుతుంది, డబ్బు పోసి కొన్న గులాబీ దాని వెనకాల నక్కుతుంది. కళ్లల్లో నీళ్లు తిరుగుతాయి. దాన్ని చూసి పక్కవాళ్లు "ఎంత రసహృదయం!" అనుకుంటారు. రుచి చూడటమే వృత్తిగా బతికేవాళ్లలో చాలామంది ఈ బానను ఏనాడో పక్కన పెట్టి, మూతి సన్నగా ఉన్న ట్యూలిప్ గ్లాసు పట్టారు. కానీ ట్యూలిప్ గ్లాసు పట్టుకుంటే ఫొటోలో అంత జమీందారీ కనబడదు.

నక్షత్రాల గురించి కూడా ఒక మాట. సీసా మీద అయిదు, ఏడు, పన్నెండు అని ఉంటాయి. నక్షత్రానికి ఒక ఏడాది అని లెక్కకట్టి, అతిథికి గడగడా అప్పజెప్పే ధర్మకర్తలు కొల్లలు. ఫ్రాన్స్‌లో కోన్యాక్ బ్రాందీ సీసా మీది అక్షరాలకు చట్టం కాపలా ఉంది: వీఎస్ అంటే కనీసం రెండేళ్లు, వీఎస్‌ఓపీ అంటే నాలుగు, ఎక్స్‌ఓ అంటే 2018 నుంచి పదేళ్లు. మెటాక్సా నక్షత్రాలు ఇంటివాళ్లు ఇంట్లో పెట్టుకున్న నక్షత్రాలు. సంఖ్య పెరిగేకొద్దీ ఎక్కువ కాలం మాగిన సరుకు పడుతుందన్న మాట నిజమే. అంతమాత్రాన వాటిని చూసి జాతకం రాయనక్కర్లేదు.

గ్రీసు జనం ఏం చేస్తున్నారో చూస్తే అసలు వినోదం. వాళ్లకు ఇది కోన్యాకే, ఏ నిబంధన ఏమన్నా సరే. చావు ఇంటికి వెళ్లొచ్చినవాళ్లకు చిన్న పళ్లెంలో పెట్టి ఇస్తారు: ఒక కప్పు చక్కెర లేని కాఫీ, ఒక ఎండు రొట్టె ముక్క, వేలెడంత గ్లాసులో కోన్యాక్. నల్లబట్టల ముసలమ్మ రొట్టెను కాఫీలో ముంచుకుని తిని, కోన్యాక్‌ను ఒక్క గుక్కలో దించేసి, పోయినాయన మంచితనం చెప్పడం మొదలుపెడుతుంది. అరచేతిలో వేడి చేసుకునే తీరిక ఆవిడకు లేదు. క్రిస్మస్‌కు పంచదార పొడిలో దొర్లించే వెన్న బిస్కెట్ల పిండిలో కొంత పోయడం ఎన్నో ఇళ్లలో ఆనవాయితీ. పిండిలో పడ్డందుకు దాని ఆత్మ పోయిందని ఏ అమ్మమ్మా దిగులు పడలేదు.

జర్మనీ సంగతి చెబితే ధర్మకర్తలు తట్టుకోగలరో లేదో. అక్కడి గ్రీకు హోటళ్లలో మెటాక్సా సాస్ అని ఒకటుంటుంది. ఉల్లిపాయ వేయించి, టమాటా ముద్ద వేసి, మీగడ పోసి, అందులో మెటాక్సా ఒంపి మరిగించి, పంది మాంసం మీద దండిగా పోసి, పైన చీజ్ తురిమి, బుడగలు లేచేదాకా పొయ్యిలో పెడతారు. కుటుంబ సమేతంగా వెళ్లి, అన్నంలో కలుపుకుని, పళ్లెం తుడుచుకుని తింటారు. స్వచ్ఛతావాదులు దీని మీద ఇంతవరకూ ఫత్వా ఇవ్వలేదు. బహుశా వాళ్లూ లొట్టలేసుకుంటూ తినే ఉంటారు.

మళ్లీ గ్రీసు వైపుకొస్తే, సైప్రస్‌కు బ్రాందీ సవర్ దాదాపు జాతీయ పానీయం. అక్కడ వాడేది సైప్రస్ బ్రాందీ. అందులో నిమ్మ స్క్వాష్, నాలుగు చుక్కల బిట్టర్స్, పైన సోడా. ట్రూడోస్ కొండల్లోని ప్లాట్రెస్‌లో, ఫారెస్ట్ పార్క్ హోటల్లో, ఈజిప్టు రాజు ఫారూక్ కోసం దీన్ని కనిపెట్టారని చెప్పుకుంటారు. చూసేవాళ్లకు ఐస్ టీలా కనబడాలన్నది రాజావారి కోరికట. కథ నిజమో కాదో గానీ నమ్మడానికి మనకేం కష్టం లేదు. పెళ్లి విడిదిలో థమ్సప్ సీసా చేతపట్టుకుని మేనమామ కంటపడకుండా తిరిగినవాళ్లెవరికైనా ఫారూక్ అయినవాడిలాగే అనిపిస్తాడు.

కలపమంటున్నానని రెండో మఠం వాళ్లు సంబరపడొద్దు. కలపడాన్నే క్రతువు చేసిన బార్లున్నాయి. గాజుబుడ్డి కింద పొగ, పైన కాల్చిన తులసి రెమ్మ, పక్కన చిమటా పట్టుకుని బంగారు రేకు అతికించే కుర్రాడు. పది దినుసులు పడేసరికి లోపలున్నది మెటాక్సానో దగ్గుమందో దేవుడికే తెలియాలి. బిల్లు చూస్తే మాత్రం పిరేయస్ దాకా టికెట్టు కూడా అందులోనే కలిపారేమో అనిపిస్తుంది. ఒకడు కలిపితే పాపమని బెదిరిస్తాడు, ఇంకొకడు పది కలిపితేనే పుణ్యమంటాడు. ఇద్దరికీ కావలసింది మన భయమే.

ఉన్న తెలివి చాలు దీనికి. మస్కట్ వైన్ పడింది కాబట్టి మెటాక్సాలో కాస్త తీపి మొగ్గు ఉంటుంది. తీపికి విరుగుడు పులుపు, కారం, చేదు. చింతపండు పులుసులో బెల్లం వేసే జాతికి ఇది విడమరిచి చెప్పాలా? అందుకే నిమ్మ, అల్లం, టానిక్ దీనికి జోడీ కుదురుతాయి. అయిదు నక్షత్రాలది 50 మిల్లీలీటర్లు పొడవాటి గ్లాసులో, గ్లాసు నిండా ఐసు, మెటాక్సాకు మూడింతలు జింజర్ ఏల్, నారింజ తొక్క ఒకటి నలిపి వేస్తే చాలు. సవర్ కావాలంటే నిమ్మరసం సగం వంతు, చక్కెర మామూలు కంటే తగ్గించి. కోక్ పోస్తే కొంపలేం మునగవు గానీ, తీపి మీద తీపి పడి మొహం మొత్తుతుంది. ఏడు నక్షత్రాలది ఒక్క ఐసు ముక్కతో బాగుంటుంది. పన్నెండు నక్షత్రాల దాంట్లో ఎవరైనా కోక్ పోయబోతే నేనూ చెయ్యి పట్టుకుని ఆపుతాను. అది శాస్త్రం కాదు, సీసా ధర.

2000 నుంచి మెటాక్సా యజమాని రెమీ కాంట్రో. ఫ్రాన్స్‌లో రెమీ మార్టిన్ కోన్యాక్ అమ్మేదీ వాళ్లే. కోన్యాక్ మడి గురించి వాళ్లకు మన బావగారు నేర్పాల్సిందేమీ లేదు. అయినా కాక్‌టెయిల్ పద్ధతులు పట్టుకుని, అల్లంతో కలపండి, టానిక్‌తో కలపండి అని బతిమాలుతున్నది కూడా ఆ యజమానులే. సరుకు అమ్మేవాడికి లేని అంటు కొన్నవాడికి ఎక్కడి నుంచి వచ్చిందో!

ఆ పొట్ట గ్లాసులు మాత్రం పారేయకండి. ఒక్కో దాంట్లో రెండు గరిటెల వెనిలా ఐస్‌క్రీం చక్కగా పడుతుంది. పైన రెండు చెంచాల మెటాక్సా పోసి, నాలుగు వేయించిన జీడిపప్పులు చల్లితే పెద్దలకు భోజనం తర్వాత పెట్టొచ్చు. కొవ్వొత్తి మాత్రం దూరంగా ఉంచండి, ఐస్‌క్రీం కరిగిపోతుంది.