రాణి బొమ్మ చెప్పుకున్న కథ

విశాఖ వన్‌టౌన్‌లోని విక్టోరియా రాణి విగ్రహాన్ని జనం రాణి బొమ్మ అంటారు. ఆ బొమ్మ తన కథ చెప్పుకుంటే పుట్టింటి గొప్పతో మొదలుపెట్టదు. తన అసలు మనిషి 1819లో లండన్‌లో పుట్టి 1901లో కన్నుమూసింది. అన్నేళ్లలో ఒక్కసారీ భారతదేశంలో అడుగుపెట్టలేదు. ఆమె పోయాక, 1904లో, ఈ మండపంలోకి వచ్చింది తాను. ఈ ఊరు తెలిసింది తనకే.

తాను వచ్చేనాటికి ఓడలు ఒడ్డుకు దూరంగా లంగరు వేసేవి. సరుకు మసూలా పడవల్లో దిగేది. డాల్ఫిన్స్ నోస్ కొండ దాపున రెండు పాత ఓడలను ముంచి అలలకు అడ్డుకట్ట వేశాక, 1933 అక్టోబరు 7న జలదుర్గ అనే ఓడ కొత్త రేవులోకి వచ్చింది. 1942 ఏప్రిల్ 6న ఆ రేవు మీదే జపాను విమానాలు బాంబులు వేశాయి. జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పరుగులు తీశారు. ఆరేళ్లు తిరక్కుండానే నెహ్రూ చేతుల మీదుగా జల ఉష అనే కొత్త ఓడ నీళ్లలోకి జారింది. 1966 నవంబరు 1న ఉక్కు కర్మాగారం అడిగినవాళ్ల మీద తుపాకులు పేలాయి.

తోటి విగ్రహాల సంగతీ తనకు తెలుసు. బొంబాయి పాలరాతి విక్టోరియా 1965లో నడివీధి వదిలింది. డబ్లిన్‌లో 1948లో తొలగించిన విగ్రహం చివరికి 1987లో ఆస్ట్రేలియాలోని సిడ్నీ చేరింది.

అన్నిటికన్నా ఎక్కువసేపు చెప్పేది మాత్రం తాను పుట్టకముందటి మాట. 1877 జనవరి 1న ఢిల్లీ దర్బారులో విక్టోరియాను భారత చక్రవర్తినిగా చాటారు. వైస్రాయ్ లిట్టన్ ఆ వైభవాన్ని దగ్గరుండి నడిపించాడు. సరిగ్గా అప్పుడే మద్రాసు రాజధానిలోని కర్నూలు, కడప, బళ్లారి ధాత కరువులో మాడుతున్నాయి. ఖర్చు తగ్గించడానికి పంపిన రిచర్డ్ టెంపుల్, కరువు పనిలో రోజంతా ఒళ్లు వంచి పనిచేసే మగ కూలీకి ఒక పౌను ధాన్యం, పైన ఓ అణా చాలన్నాడు. పౌనంటే అరకిలో కూడా కాదు. ఆ తిండితో మనిషి నిలవడని మద్రాసు ఆరోగ్యాధికారి కార్నిష్ గట్టిగా అభ్యంతరం చెప్పాడు. లక్షల ప్రాణాలు పోయాయి.

ఇదంతా తన పక్కన తెలుగులో చెక్కి ఉండాలని రాణి బొమ్మ కోరిక. పాత కట్టడాన్ని బాగుచేయడమంటే రంగులూ దీపాలే కాదు. దర్బారు తేదీ, కరువు, పౌను ధాన్యం, కార్నిష్ పేరు: నాలుగైదు పంక్తులు చాలు, బడి పిల్లలకు అందే ఎత్తులో.