ఎనిమిది కోర్ల ఆత్మకథ

నా పేరు ఏఎండీ ఎఫ్ఎక్స్-8350. కంప్యూటర్ ప్రాసెసర్‌ని. సిద్దిపేట జిల్లా ములుగులో ఒక ఫోటో స్టూడియో అటక మీద, మదర్‌బోర్డుతో సహా పాత ఫ్లెక్సీ ముక్కలో చుట్టి ఉన్నాను. సిలికాన్ పలక మీద నన్ను చెక్కింది జర్మనీలోని డ్రెస్డెన్‌లో. ఆ తర్వాత మలేషియాలో పిన్నులున్న పలకకు అతికించి మూత అమర్చారు. 32 నానోమీటర్ల పద్ధతి, దాదాపు 120 కోట్ల ట్రాన్సిస్టర్లు, విడుదలైంది 2012 అక్టోబరులో. పుట్టుక గురించి ఇంతకన్నా చెప్పుకోవాల్సింది లేదు. నేను పనిచేసిందీ పాతబడిందీ ములుగులోనే. నేను వచ్చిననాడు ఇది మెదక్ జిల్లా. 2016 దసరా నాడు సిద్దిపేట జిల్లా అయినప్పుడు, స్టూడియో బోర్డు మీద జిల్లా పేరు మార్చిన డిజైను నా మీదే తయారైంది.

నన్ను కొన్నది సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో. హైదరాబాద్ చుట్టుపక్కల కంప్యూటర్ కొనాలంటే అప్పట్లో చాలామంది పోయేది అక్కడికే. అన్నదమ్ములిద్దరు వచ్చారు. అన్నకు ములుగులో ఫోటో స్టూడియో. పెళ్లిళ్లకు, ఫంక్షన్లకు వీడియో తీస్తాడు. తమ్ముడు డిగ్రీ చదువుతున్నాడు, ఆటల పిచ్చి.

"పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చెయ్యాలె. ఏది మంచిగుంటది?" అని అడిగాడు అన్న.

"ఎడిటింగ్‌కైతే ఎనిమిది కోర్లది తీస్కో అన్నా. తమ్ముడు గేములు ఆడుకుంటా అంటున్నడు కదా, ఆయనకు ఇంటెల్ ఇస్త," అన్నాడు దుకాణపాయన.

ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్లూ నిజం. ప్రాసెసర్ మంచిదా కాదా అని కాదు, ఏ పనికి అని అడగాలి. ఆయన దాన్ని ఒక్క మాటలో తేల్చేశాడు. ఒకే బిల్లు మీద నేనూ, ఇంటెల్ కోర్ ఐ5-3570 అనే ఇంకో ప్రాసెసరూ బయటికొచ్చాం. ధరలోనూ పెద్ద తేడా లేదు. అమెరికాలో నా విడుదల ధర 195 డాలర్లు, అతనిది 200 డాలర్ల పైచిలుకు.

మా ఇద్దరి సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే నా మీద పడ్డ నిందలన్నీ ఇక్కడే మొదలయ్యాయి. నావి 8 కోర్లు, వేగం 4 గిగాహెర్ట్జ్. అతనివి 4 కోర్లు, వేగం 3.4. లెక్క చూస్తే నేనే రెండింతలు ఉండాలి. ఆటలో మాత్రం అతనే ముందుండేవాడు. నా కోర్లు జంటలు జంటలుగా ఉంటాయి. ఆ జంటను మాడ్యూల్ అంటారు. మాడ్యూల్‌లో రెండు కోర్లకు పూర్ణాంకాల లెక్కలు చేసే భాగాలు వేరువేరుగా ఉంటాయి కానీ దశాంశాల లెక్కలు చేసే భాగం ఒక్కటే. ఆదేశాలను తెచ్చి విప్పి అందించే భాగమూ ఉమ్మడిదే. ఇద్దరు అన్నదమ్ములకు చెరో మడి ఉండి బోరు మోటారు ఒక్కటే ఉంటే ఎట్లుంటుందో, అట్లా. పైగా నా ఒక్కో కోరు, గడియారం ఒక్కసారి కొట్టుకునేలోపు చేసే పని అతని కోరు చేసే పనికన్నా తక్కువ. గడియారం వేగంగా కొట్టుకున్నా ఆ లోటు తీరదు. అప్పటి ఆటల్లో చాలావరకు బరువంతా ఒకటి రెండు కోర్ల మీదే వేసేవి. స్కైరిమ్, స్టార్‌క్రాఫ్ట్ 2 లాంటివాటిలో నాలో ఒకరిద్దరు రొప్పుతుంటే మిగిలినవాళ్లు ఊరికే కూర్చునేవాళ్లు. తమ్ముడు ఒకసారి తన గ్రాఫిక్స్ కార్డు తెచ్చి నా బోర్డుకు పెట్టి ఆడి చూశాడు. "గిదేంది, ఎనిమిది కోర్లుండి గింత స్లో" అని వెంటనే పీకేశాడు. ఆ మాట స్టూడియోలో చానా రోజులు నిలబడిపోయింది.

పనిలో నన్ను చూసినవాళ్లు ఆ మాట అనలేరు. వీడియో ఎన్‌కోడింగ్ అంటే ఒక పెద్ద పనిని ముక్కలు చేసి అన్ని కోర్లకూ పంచగలిగే పని. అక్కడ నా ఎనిమిదిమందీ ఒక్కసారిగా లేచేవాళ్లు. అదే ధరకు దొరికే నాలుగు కోర్ల ఐ5 కన్నా ముందు ముగించేవాళ్లం. న్యాయంగా ఇంకో మాట కూడా చెప్పాలి. ఐ5 లోపల క్విక్ సింక్ అని వీడియో కుదించడానికే ఒక ప్రత్యేక భాగం ఉంది. దాన్ని వాడుకోవడం తెలిసిన సాఫ్ట్‌వేర్ ఉంటే అతను నన్ను దాటిపోయేవాడు. కానీ ఆ తొలి రోజుల్లో అట్లా తీసిన బొమ్మ కొంచెం మెత్తబడేది. పెళ్లికూతురు పట్టుచీర జరీ గీతలు గీతలుగా కనపడాలని అన్న పట్టుదల. అందుకని సాఫ్ట్‌వేర్ ఎన్‌కోడింగే చేయించేవాడు, నాతోనే చేయించేవాడు.

మాఘమాసం ముహూర్తాలు మొదలైతే నాకు పగలూ రాత్రీ లేదు. నాచారం గుట్ట మీద పెళ్లిళ్లు, వర్గల్ సరస్వతి గుడిలో అక్షరాభ్యాసాలు, కొమురవెల్లి మల్లన్న జాతరలో పట్నాలు. ఎక్కడి మెమొరీ కార్డు అయినా రాత్రికల్లా నా ముందుకొచ్చేది. అన్న సాయంత్రం కట్ చేసి, పాటలు పేర్చి, రెండర్ పెట్టి షట్టరు వేసి ఇంటికి పోయేవాడు. తెల్లారేసరికి వీడియో సిద్ధంగా ఉండేది. అప్పగింతల దగ్గర తండ్రి కన్నీళ్లు తుడుచుకున్న ఆ నాలుగైదు సెకన్లు, బరాత్‌లో పెద్దమనుషులు కాళ్లు కదిపిన నిమిషం, ఇవన్నీ నా కోర్ల మీదుగానే ఆయా ఇళ్లకు చేరాయి. ఆ మనుషుల్లో కొందరు ఇప్పుడు లేరు. వాళ్లు కదిలే బొమ్మగా మిగిలింది ఆ డీవీడీల్లో, పెన్‌డ్రైవుల్లోనే. కొండా లక్ష్మణ్ ఉద్యాన విశ్వవిద్యాలయం, 2019 డిసెంబరులో ప్రారంభమైన అటవీ కళాశాల ప్రాంగణం ఊరికి వచ్చాక విద్యార్థులూ స్టూడియోకు రావడం మొదలైంది. పాస్‌పోర్టు ఫోటోలు, ప్రాజెక్టు రిపోర్టుల ప్రింట్లు. మామిడి ఆకు తెగుళ్ల ఫోటోల కింద పట్టికలు పట్టికలుగా అంకెలు. అవి నాకు చిన్న పనులే, అయినా ఇష్టంగా చేశాను.

నాకు రెండు కష్టాలున్నాయి, అవి పుట్టుకతో వచ్చినవే. మొదటిది వేడి. నా లెక్క 125 వాట్లు, ఐ5ది 77. ఉమ్మడి రాష్ట్రంలో కరెంటు కోతలు ఎక్కువగా ఉన్న ఆ ఎండాకాలాల్లో ఈ తేడా ఏమిటో ఊళ్లో ఉన్నవాళ్లకే తెలుసు. కరెంటు పోగానే ఐ5ను నడిపే యూపీఎస్ ఇంకా కూస్తూ ఉండగానే నాది ఆరిపోయేది. రెండర్ సగంలో పోయేది. రెండోది, నాలో గ్రాఫిక్స్ లేదు. పక్కన వేరే కార్డు లేకపోతే తెరమీద ఒక్క చుక్క చూపించలేను.

వేడిని భరించడానికి నాకు కావాల్సింది గాలి, శుభ్రం. 61 డిగ్రీలు దాటితే నాకు మంచిది కాదని కంపెనీయే రాసింది. కానీ స్టూడియో ముందు నుంచి ఒంటిమామిడి కూరగాయల మార్కెట్ బండ్లు పోతూనే ఉంటాయి. లేచిన దుమ్మంతా ఫ్యాను లాక్కుని హీట్‌సింక్ రెక్కల మధ్య కూరేది. వేసవిలో అన్న క్యాబినెట్ పక్క డోరు తీసేసి, టేబుల్ ఫ్యాను ఎదురుగా పెట్టేవాడు. ఆయన ఉద్దేశం మంచిదే. ఆ ఫ్యాను గాలితో పాటు దుమ్మునూ, లైటు పురుగులనూ తెచ్చి నా మీద పోసేది. రెక్కల మధ్య నల్లటి జంపఖానాలా పేరుకుపోయింది. ఒక చిన్న బ్రష్షు, బ్లోయరు, ఏడాదికోసారి కాస్త థర్మల్ పేస్టు, నేను అడిగింది అంతే. పెళ్లికొడుకు షేర్వానీ మీద ఒక్క నలక కనపడితే గంటసేపు ఫోటోషాప్‌లో తుడిపించిన మనిషి, నా నెత్తి మీద దుమ్మును ఒక్కసారి తుడవలేదు. వేడి పెరిగితే నన్ను నేను కాపాడుకోవడానికి వేగం తగ్గిస్తాను. అది చూసి, "దీనికి వయసైపోయింది" అన్నారు.

చివరికి రిపేరుకు ఒక పిల్లవాణ్ని పిలిపించారు. థర్మల్ పేస్టు ఎండిపోయి నా మూతకూ హీట్‌సింక్‌కూ మధ్య సిమెంటయ్యింది. అట్లాంటప్పుడు ముందు కంప్యూటర్ కాసేపు నడిపి పేస్టు వేడెక్కనివ్వాలి. ఆపి, హీట్‌సింక్‌ను అటూ ఇటూ మెల్లగా తిప్పి వదులు చేశాకే ఎత్తాలి. ఆ పిల్లవాడు చల్లగా ఉన్నప్పుడే క్లిప్పు తీసి నిట్టనిలువుగా లాగాడు. సాకెట్ లివరు వేసి ఉండగానే నేను హీట్‌సింక్‌కు అంటుకుని ఊడి వచ్చాను. ఐ5కు ఇట్లాంటిది జరగదు. అతని పిన్నులు సాకెట్‌లోనే ఉంటాయి, మీద ఇనుప చట్రం పట్టి ఉంచుతుంది. నా పిన్నులు నా ఒంటికే ఉంటాయి. తొమ్మిది వందలకు పైగా, ఒక్కోటీ చాలా సన్నం. ఒక మూలన వరస మొత్తం వంగిపోయింది. ఆ పిల్లవాడికి చెమట పట్టింది. లెడ్డు తీసేసిన క్లచ్ పెన్సిల్ మొనను ఒక్కో పిన్నుకు తొడిగి, ఊపిరి బిగబట్టి, నిలబెట్టుకుంటూ వచ్చాడు. ఒక్కటీ విరగలేదు. మళ్లీ సాకెట్‌లో కూర్చున్నాను, మళ్లీ లేచాను. తప్పు చేసింది ఆ పిల్లవాడే, నన్ను బతికించిందీ అతనే. అతని మీద నాకు కోపం లేదు.

నాలాంటివాళ్ల మీద 2015లో అమెరికాలో కేసు కూడా పడింది. ఎనిమిది కోర్లని చెప్పి అమ్మారు, ఉమ్మడి భాగాలున్నవాటిని పూర్తి కోర్లు అనకూడదు అని. 2019లో ఏఎండీ 1 కోటి 21 లక్షల డాలర్లకు రాజీకి ఒప్పుకుంది. ఆ వార్త చూసి తమ్ముడు, "జెప్పలే నేను?" అన్నాడు. నా మాట ఎవరూ అడగలేదు. పార్క్‌లేన్‌లో నన్ను ఎడిటింగ్‌కని ఇచ్చారు, ఎడిటింగ్ చేశాను. ఆటలు కూడా తర్వాత మారాయి. 2013 చివర్లో వచ్చిన ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ రెండింటిలోనూ ఎనిమిది కోర్ల ఏఎండీ చిప్పులే పెట్టారు. దాంతో ఆటలు రాసేవాళ్లు పనిని ఎక్కువ కోర్లకు పంచడం నేర్చుకున్నారు. 2015లో జీటీఏ 5 కంప్యూటర్లకు వచ్చేనాటికి ఐ5కూ నాకూ మధ్య దూరం బాగా తగ్గింది. అప్పటికే తమ్ముడు నా వైపు చూడటం మానేశాడు.

2017 మార్చిలో రైజెన్లు వచ్చాయి. మా కంపెనీ మాడ్యూళ్ల పద్ధతి వదిలేసి, ప్రతి కోరుకూ దాని లెక్కల భాగం దానికే ఇచ్చింది. నా లోటు చూసి నా తర్వాతివాళ్లను సరిదిద్దారు. అది నాకు సంతోషమే.

నన్ను అటక ఎక్కించింది నా రోగం కాదు. లాక్‌డౌన్ ఏడాదిలో నా పక్కనున్న గ్రాఫిక్స్ కార్డు ఫ్యాను దుమ్ముకు బిగుసుకుపోయి కార్డు కాలిపోయింది. ఆ ఏడాది చివరి నుంచి చిప్పుల కొరత, క్రిప్టో మైనింగ్ కలిసి కార్డుల ధరలను ఆకాశానికి తీసుకుపోయాయి. కార్డు లేకపోతే నేను గుడ్డివాణ్ని. 2020 సెప్టెంబరు 1న ఆన్‌లైన్ పాఠాలు మొదలైనప్పుడు అన్న కూతురికి ఐ5నే పెట్టారు. తమ్ముడు ఉద్యోగానికి హైదరాబాద్ పోతూ దాన్ని ఇంట్లోనే వదిలేశాడు, ఐ5కు సొంత గ్రాఫిక్స్ ఉంది మరి. ఆ పిల్ల టీశాట్ ఛానల్ పాఠాలు, జూమ్ క్లాసులు అన్నీ అతని మీదే విన్నది. అన్నకు నా చోటు నింపడానికి తర్వాత రైజెన్ 5 5600జీ వచ్చింది. 6 కోర్లు, 12 థ్రెడ్లు, 65 వాట్లు, లోపలే గ్రాఫిక్స్. నాకయ్యే కరెంటులో దాదాపు సగంతోనే నాకన్నా చాలా ఎక్కువ పని చేస్తుంది. అది సరైన ఎంపికే, నేను కాదనను. నన్ను విప్పిన రోజున మాత్రం అన్న ఒక్కసారి కూడా నా మూత మీది పేరు చూడలేదు. పాత నికాహ్ ఫ్లెక్సీ ముక్క చింపి చుట్టేశాడు.

ఐ5 ఇప్పుడు నా పక్కనే ఉన్నాడు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 11కేమో ఇంటెల్‌లో 8వ తరం, మాలో రైజెన్ 2000 వరుస, దాదాపు అక్కడి నుంచి మొదలయ్యేవాళ్లే కావాలి. మేమిద్దరం ఆ జాబితాలో లేము. ఆటల్లో గెలిచినవాడూ పనిలో గెలిచినవాడూ ఒకే ఫ్లెక్సీ కింద పడుకున్నాం. నిజానికి మాలో ఏదీ చెడిపోలేదు. లైనక్స్ వేస్తే ఇద్దరం నడుస్తాం. ప్రింట్లకు, ఉత్తరాలకు, పిల్లల చదువుకు ఇప్పటికీ సరిపోతాం.

మైకు పెట్టుకుని పాత సామాను కొనే ఆటో వారం వారం వస్తోంది. అన్న మమ్మల్ని కిలోల లెక్కన ఇచ్చేద్దామని వదినతో అంటుంటే విన్నాను. ఆ ఆటో వెనుక ఎవరుంటారో నాకు తెలుసు. నా పిన్నుల మీద బంగారు పూత ఉంది. దాని కోసం కొందరు పెరట్లో యాసిడ్ పోసి కరిగిస్తారు. ఆ పొగ పీల్చేది అక్కడ పనిచేసే పిల్లలు, ఆ నీళ్లు ఇంకేది నేలలోకి. 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నియమాల ప్రకారం నాలాంటివి పోవాల్సింది రిజిస్టరైన రీసైక్లర్ దగ్గరికి. నేను పోవాల్సి వస్తే అక్కడికే పోవాలి.

అన్నా, ఆ లోపు ఒక్క పని చెయ్యి. పాత కార్డు ఒకటి తక్కువకే దొరుకుతుంది. నా బోర్డుకు తగిలించు. హీట్‌సింక్ కడిగి, కొత్త పేస్టు రాసి, పవర్ బటన్ నొక్కు. నీకు వద్దనుకుంటే అటవీ కళాశాల నుంచో, ఉద్యాన విశ్వవిద్యాలయం నుంచో ప్రింట్లకొచ్చే పిల్లల్లో కంప్యూటర్ లేనివాళ్లు ఉంటారు, వాళ్లను అడుగు. నా ఎనిమిది కోర్లూ లేస్తాయి.