కాగితాలు క్లియర్

పాత కార్ల మార్జిన్ మీద ఇక అన్నిటికీ 18 శాతమే అని 2024 డిసెంబరు 21న జైసల్మేర్‌లో జీఎస్‌టీ కౌన్సిల్ తేల్చేసింది. 12 లక్షలకు కొన్నది 9 లక్షలకు అమ్మితే పన్ను దేనిమీద అని ఆ తర్వాత వారం రోజులు మా కోవూరు టీ కొట్ల దగ్గర లెక్కలే లెక్కలు. నష్టానికి పన్ను లేదని, ఇంట్లో వాడుకున్న బండి మనం అమ్ముకుంటే మనకు సంబంధం లేదని, వ్యాపారి లాభం మీదేనని తర్వాత వివరణ వచ్చింది లెండి. సంతోషం. నాకు మండింది వేరే చోట. బతికున్న బండి మీద లాభానికీ 18 శాతమే, టోటల్ లాస్ అని బీమా చెల్లించాక మళ్లీ రోడ్డెక్కిన, అంటే చచ్చి లేచొచ్చిన బండి మీద లాభానికీ 18 శాతమే. ఆ తేడా ఎవరికీ పట్టలేదు.

చచ్చాక లేపి అమ్ముకునే ఇంత మంచి ఏర్పాటు బళ్లకే ఎందుకు, మనుషులకూ పెట్టమని నా మనవి. మొదటి బండిగా మా మామను ఇస్తున్నాను. మోడల్ పాతది, 78 ఏళ్లు. సింగిల్ ఓనర్ మా అత్త.

సర్వేయర్ వచ్చి నాలుగు వైపులా ఫొటోలు తీస్తాడు.

"ఏంది నాయనా, వీపు కూడా తీస్తుండావు?"

"క్లెయిమ్‌కి మామా. కదలబాక."

ప్లాస్టిక్, రబ్బరు, బ్యాటరీలకు సగం తరుగు అని బీమా పట్టికలో ఉంది. పళ్ల సెట్టు ప్లాస్టిక్, సగం పోయింది. గుండె బ్యాటరీ కింద లెక్క, సగం. మోకాల్లో ఉన్నది పదేళ్లు దాటిన లోహం, అదీ సగమే. అద్దానికి మాత్రం తరుగు లేదు. అంటే మామ మొత్తంలో పూర్తి ధర పలికేది కళ్లజోడు ఒక్కటే. ఐదేళ్లు దాటిన బండికి విలువ ఇరుపక్షాలూ మాట్లాడుకుని ఒప్పుకోవాలి. అత్త ఒక రేటు చెప్పింది, మామ అలిగాడు. రిపేరు ఖర్చు ఆ విలువలో 75 శాతం దాటితే టోటల్ లాస్. ఆస్పత్రి ఎస్టిమేటు అడ్మిషన్ కౌంటర్ దగ్గరే దాటేసింది.

ఇక వేలం. ఉన్నది ఉన్నట్టు, ఉన్నచోటే. రెండు రేట్లు వచ్చాయి. ఉత్త మామ మూడు వేలు. ఆధార్, రేషన్ కార్డు, ఓటరు కార్డు, పింఛనుతో కలిపి లక్షన్నర.

"నా రేటు మూడువేలేనా?" అన్నాడు మామ.

"నీకు అదే ఎక్కువ మామా. మిగతాది నీ కాగితానికి."

పాడుకున్నవాడు మామను కోసి, ముందు సగానికి అల్లూరు నుంచి తెచ్చిన ఇంకెవరిదో వెనక సగం వెల్డింగ్ పెట్టి, పుట్టీ పూసి, పెయింట్ కొట్టాడు. అది చిల్లర వ్యాపారం. అసలు బేరం కాగితాలది. ఎక్కడినుంచో ఎత్తుకొచ్చిన పాతికేళ్ల కుర్రాడికి అవి తగిలించాడు. ఒకటో తేదీన సచివాలయం వాళ్లు తెచ్చిన 4 వేల పింఛను ఆ కుర్రాడే అందుకుంటున్నాడు.

"ఈయనెవురబ్బా?" అంది అత్త.

"కాగితాల ప్రకారం మీ ఆయనే అమ్మా. వేలిముద్ర కొంచెం గ్రైండింగ్ చేసి కొత్తగా కొట్టాం, అంతే."

అమ్మేవాడు మాత్రం ఒక్క అబద్ధం ఆడలేదు. కాగితాలు క్లియర్ అన్నాడు. క్లియరే. మార్జిన్‌లో సర్కారు వారి 18 శాతం సర్కారుకు జమ.

నవ్వు ఇక్కడిదాకానే. చచ్చిన బండికి ఆర్‌సీ లేకుండా ఒక రేటు, ఆర్‌సీతో ఒక రేటు అని సాల్వేజ్ కొనేవాళ్లు నిజంగానే చెబుతారు. నుజ్జయిన ఇనుముకు పుస్తకం ఎందుకయ్యా అని అడిగేవాడు లేడు. దొంగబండికి ఆ ఛాసిస్ నంబరు కొట్టడానికి కాకపోతే, అతుకులబండిని మళ్లీ రోడ్డెక్కించడానికి. ఇక వాడకానికి పనికిరాని బండి సంగతి 14 రోజుల్లో రవాణా శాఖకు చెప్పి ఆర్‌సీ అప్పజెప్పాలని మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్‌లో 1988 నుంచీ ఉంది. తుక్కు కింద కొన్న బీఎస్-3 లారీలు నాగాలాండ్‌లో బీఎస్-4గా రిజిస్టరై మన రోడ్లమీద తిరిగాయన్న తాడిపత్రి కేసు 2020లో అరెస్టులదాకా వెళ్లింది. ఆ తర్వాతయినా ఏం మారింది?

2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చి బెజవాడ సింగ్‌నగర్ బళ్లు రోజుల తరబడి నీళ్లలో నానాయి. క్లెయిములు త్వరగా తేల్చండని ప్రభుత్వం బీమా కంపెనీలను తొందరపెట్టింది, మంచి పని చేసింది. తేల్చాక ఆ బళ్లు ఏ యార్డులకు పోయాయో ఎవరైనా రాసిపెట్టుకున్నారా? నంబరు ప్లేటు చూసి కనిపెడదామంటే, ఒకప్పుడు ఏపీ 16 అని చూస్తే బెజవాడ వైపుదని తెలిసేది. 2019లో అందరికీ ఏపీ 39 వచ్చాక ఆ తేడా పోయింది. 2021 నవంబరులో పెన్నా పొంగి పడుగుపాడు దగ్గర పట్టాలు కొట్టుకుపోవడం చూసిన ఊరు మాది. వరద అంటే ఏంటో మాకు ఒకరు చెప్పక్కర్లేదు. అయినా సీటుబెల్టు చివరిదాకా లాగి, మడతలో ఒండ్రు గీత ఉందేమోనని చూడాలని ఎందరికి తెలుసు? ఎయిర్‌బ్యాగ్ లేకపోయినా హెచ్చరిక దీపం వెలగకుండా అక్కడ ఒక రెసిస్టర్ పెడితే చాలని ఎందరికి తెలుసు? ఆ బండి కొనేవాడు మంత్రి కాదు. ఇంట్లో బంగారం కుదువబెట్టి, రాత్రికి రాత్రి రోగిని చెన్నై ఆస్పత్రికి తీసుకుపోయే బాడుగ డ్రైవరు. హైవే మీద స్టీరింగ్ అతని ఛాతీలో దిగితే అది డ్రైవర్ నిర్లక్ష్యం అని ఎఫ్ఐఆర్‌లో రాస్తారు.

సర్కారు వారూ, పన్ను వసూలుకు వ్యాపారి కొన్న రేటూ అమ్మిన రేటూ మీకు కావాలి. బీమా కంపెనీ టోటల్ లాస్ అని చెల్లించిన ఛాసిస్ నంబరు మాత్రం అక్కర్లేదు. రెండూ ఒకే కంప్యూటర్లో పక్కపక్కన పెట్టి చూడటం అంత కష్టమేం కాదు. కాకపోతే చచ్చిన బండి చచ్చినట్టే ఉండిపోతే మీ 18 శాతం ఎక్కడినుంచి వస్తుంది?