నేను సున్నపు తేటని

నన్ను చుక్కలు చుక్కలుగా తప్ప పొయ్యకూడదు. అదీ రాత్రిపూట అయితే మేలు. శాలిబండలో, గడియారం గోపురానికి కాస్త అవతలి గల్లీలో, ఒక ఇంటి ముందుగదిలో 200 లీటర్ల ఉప్పునీటి అక్వేరియం ఉంది. దాని పక్కన స్టూలు మీద, మూత బిగించిన తెల్ల డ్రమ్ములో నా కాపురం. సన్నటి గొట్టం ఒకటి నన్ను తొట్టిలోకి దించుతూ ఉంటుంది.

పుట్టింది పిడుగురాళ్ల బట్టీల్లో. 900 డిగ్రీల సెగకి పల్నాటి రాయిలోంచి కార్బన్ డయాక్సైడ్ లేచిపోయింది. మిగిలిన సున్నం మీద నీళ్లు చల్లితే బుసబుసా పొంగి పొడినయ్యాను. ఆ రాయి సముద్రం అడుగున పేరుకున్న నాటికి లోకంలో పగడం లేదు, గవ్వ లేదు. అంత పాత వంశం మాది. ఇన్నేళ్లకి మళ్లీ ఉప్పునీళ్లలో పడ్డాను, సముద్రమే లేని ఊళ్లో!

ఇక్కడ నాకు చుట్టాలకి కొదవ లేదు. 1591లో కట్టిన చార్మినార్ మీది పూలూ లతలూ సున్నపు పనే. గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని మావాళ్లు అక్కడ తిరిగి రాయయ్యారు. నా డ్రమ్ము మూత తీసి మరిచినా అదే జరుగుతుంది. తెల్లారేసరికి పైన మీగడలా తెల్లటి పొర కడుతుంది. గోడకి అది బలం, నాకు మాత్రం నష్టం. పొరగా మారినంత మేరా నాలో సత్తువ పోయినట్టే.

ఈ తొట్టిలో గట్టి పగడాలు లేవు. వన్యప్రాణి రక్షణ చట్టం, 1972 కింద దిబ్బలు కట్టే పగడాలన్నిటినీ 2001లో మొదటి షెడ్యూల్లో చేర్చారు. వాటిని ఇంట్లో పెంచడం కుదరదు, కుదరకూడదు కూడా. ఇక్కడున్నవి కొన్ని నత్తలు, రాళ్ల మీద గులాబీ రంగు పెచ్చులా పాకే కోరలైన్ నాచు. చూడ్డానికి చిన్నవే గానీ అవీ రాతి పనివాళ్లే. వాటికీ కాల్షియం కావాలి.

ఒకరోజు ఇంటి కుర్రాడు టెస్టు కిట్టు ముందేసుకుని, చేపల దుకాణం అన్నకి ఫోన్ చేశాడు.

“అన్నా, కాల్షియం 360కి పడ్డది. కాల్షియం క్లోరైడు ఒక చెంచా ఎయ్యన్నా?”

“ముందుగాల కేహెచ్ ఎంతున్నదో చెప్పు తమ్మీ.”

“అది సూడలే.”

“ఒక్కదాని ఎనక ఉరుకుతే ఎట్ల? రెండూ సూసి మాట్లాడు.”

ఆ అన్న మాట నాకు నచ్చింది. కడలి నీటిలో లీటరుకి సుమారు 410 మిల్లీగ్రాముల కాల్షియం, 7 డిగ్రీల దరిదాపు క్షారత ఉంటాయి. ఆ క్షారతనే వీళ్లు కేహెచ్ అంటారు. నాచైనా నత్తయినా పెంకు కట్టేటప్పుడు రెండింటినీ జోడుగా తీసుకుంటుంది. లీటరుకి 20 మిల్లీగ్రాముల కాల్షియం ఖర్చయితే 2.8 డిగ్రీల క్షారత కూడా పోతుంది. కాల్షియం క్లోరైడు సీసా మొదటిదాన్నే పెంచుతుంది, వంటసోడా రెండోదాన్నే. నేను రెండూ, ఖర్చయిన లెక్కకి సరిగ్గా తెస్తాను. ఈ ఒక్క విషయంలో నాకు కాస్త పొగరున్న మాట నిజమే.

అయితే నా ఘాటూ ఎక్కువే. పీహెచ్ 12 దాటుతుంది. గ్లాసెడు ఒక్కసారి గుమ్మరిస్తే తొట్టి నీరు తెల్లగా విరిగి, కాల్షియం కాస్తా పంపు మీద గడ్డకడుతుంది. నీటిలోని మెగ్నీషియం, లీటరుకి సుమారు 1300 మిల్లీగ్రాములు, ఆ గడ్డకట్టడాన్ని కొంత అడ్డుకుంటుంది గానీ దానికీ ఓ హద్దుంది. రాత్రివేళ అంటున్నది అందుకే. దీపాలార్పాక నీటిలో కార్బన్ డయాక్సైడ్ పెరిగి పీహెచ్ దిగుతుంది, అప్పుడు నా ఘాటు పనికొస్తుంది.

అసలు చిక్కు కాలాలతో వచ్చింది. తొట్టిలో ఆవిరైన నీటికి బదులుగా నన్ను పోస్తారు. రోజుకి 2 లీటర్లు ఆవిరైతే, తేరిన నన్నే ఆ 2 లీటర్లూ పోస్తే, తొట్టి నీటికి లీటరుకి 8 మిల్లీగ్రాముల కాల్షియం, డిగ్రీకి కొంచెం పైగా క్షారత అందుతాయి. మే నెలలో నీళ్లు చల్లబడాలని పైన ఫ్యాన్లు పెడతారు. ఆవిరి ఎక్కువ, నా రాకా ఎక్కువ. నాచు మాత్రం ఎండలు ముదిరాయని రెట్టింపు తినదు కదా! పైగా నేను వేడికి తక్కువ కరిగే రకాన్ని. లీటరుకి గ్రామున్నర పైచిలుకు, అంతే. ఎంత పొడి కలిపినా మిగతాది అడుగున పడుంటుంది. ఆ మడ్డి కదపకుండా పైతేటనే తీయాలి.

జులైలో ముసురు పట్టగానే కథ తిరగబడింది. గాలి తేమగా ఉంటే నీరు ఆవిరి కాదు, నాకు తొట్టిలో చోటుండదు. కేహెచ్ 6 దగ్గరికి జారింది. ఇంట్లో పెద్దాయన పాన్ నములుతూ ఒక ఉపాయం చెప్పాడు: “డబ్బాల సున్నమే ఇంత వేస్తే పోదారా?” కుర్రాడు ఒప్పుకోలేదు. పాన్ సున్నంలో ఇంకేం కలిపారో ఎవరికెరుక, తొట్టికి శుద్ధి చేసినదే కావాలి.

వారం తిరక్కుండా నా డ్రమ్ము పక్కకి రెండు సీసాలు వచ్చాయి. ఒకదాన్లో కాల్షియం క్లోరైడు, ఇంకోదాన్లో సోడా. రెండింటినీ ఒకేచోట పోస్తే సుద్దయి కూచుంటాయని ఒకటి పొద్దున, ఒకటి సాయంత్రం కొలిచి పోస్తున్నాడు. అవి వాడుతుంటే సోడియం, క్లోరైడ్ పేరుకుని నీరు ఉప్పెక్కుతుంది. అప్పుడప్పుడూ కొంత తీసి కొత్త నీరు నింపాలి. ఆ బాధ నాతో లేదని ఎవరైనా వాడికి చెబితే బాగుండు. ముసురు పోయేదాకా నా వంతు మాత్రం రాత్రికి అరలీటరే.